కెప్టెన్‌కీ రాసే ఇచ్చారు

2004 జులైలో నన్ను వెల్లింగ్టన్ నుంచి ఆక్లండ్‌కు వారం రోజుల డ్యూటీ మీద పంపారు. దిగుమతి సరుకులను తనిఖీ చేసే ఒక ప్రభుత్వ శాఖలో అప్పటికి నేను సీనియర్ న్యాయ సలహాదారును. కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్లకు వాళ్ళ అధికారాలు ఎంతవరకు వెళ్తాయో, ఎక్కడ ఆగిపోతాయో పాఠం చెప్పి రావాలి. మా విభాగంలో ఎవరికీ ఇష్టంలేని డ్యూటీ అది. పురుగుల గురించి చెప్పేవాళ్ళకు పొద్దుటి పూట ఇచ్చేసి, చట్టం చెప్పేవాళ్ళకు భోజనాల తర్వాతి గంట ఇచ్చేవారు. ఆ గంటలో కళ్ళు తెరుచుకుని కూర్చున్నవాడు మహానుభావుడు.

మా శాఖలో మెట్లు చాలా తక్కువ. ఇన్‌స్పెక్టరు, ఆ పైన టీమ్ లీడరు, ఆ పైన ప్రాంతీయ మేనేజరు. న్యాయ విభాగం ఈ మెట్ల మీద ఎక్కడా ఉండదు, పక్కన ఉంటుంది. అడిగితే సలహా చెబుతుంది, ఆర్డరు వెయ్యదు. ఆ అడగడం కూడా మేనేజరే అడగాలి. ఇన్‌స్పెక్టరు నేరుగా మాకు ఫోన్ చెయ్యకూడదని రూలు. ఈ రూలు గుర్తుంచుకోండి, దాని వల్లే నాకు ఒక మధ్యాహ్నమంతా నరకం కనిపించింది.

న్యూజిలాండ్‌కు రాజ్యాంగం ఉంది గానీ ఒక్క పుస్తకంలో లేదు. కొంత ఈ చట్టంలో, కొంత ఆ తీర్పులో, కొంత ఆనవాయితీలో ఉంటుంది. నిద్రమత్తులో ఉన్నవాళ్ళకు అదంతా చెబితే ఇంకా హాయిగా నిద్రపోతారు. అందుకని నేను అమెరికా తొలినాళ్ళ నుంచి మొదలుపెట్టేదాన్ని. విశాఖపట్నంలో లా కాలేజీలో పాఠాలు చెప్పిన రోజుల నుంచీ నాకది అలవాటు. అధ్యక్షుడనే కుర్చీ అప్పుడే కొత్తగా చేయించారు. దాని కొలతలు ఎవరికీ తెలియవు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఎంతవరకు చెయ్యి చాపవచ్చో ఒక్కొక్క తగాదాలో తేలుతూ వచ్చింది. మన రాష్ట్రపతి గారిలా మంత్రివర్గం పంపిన కాగితం మీద సంతకం పెట్టే పెద్దరికం కాదు అది. సైన్యం, నౌకాదళం అన్నీ ఆయన మాట వింటాయి.

నేను చెప్పిన కేసు ఇది. 1799లో ఫ్రాన్సుతో పేచీ వచ్చి అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ఫ్రెంచి రేవులకు వెళ్ళే అమెరికా ఓడలను పట్టుకోవచ్చని అందులో ఉంది. అప్పటి అధ్యక్షుడు, ఆయన దేశానికి రెండో అధ్యక్షుడు, తన నౌకాదళ మంత్రి చేత కెప్టెన్లందరికీ ఉత్తర్వు పంపించాడు. రేవులకు వెళ్ళేవాటినే కాదు, అక్కడి నుంచి వచ్చేవాటినీ వదలొద్దని అందులో ఉంది. తెలుగులో అయితే ఒక 'కు', ఒక 'నుంచి'. అంతే తేడా. అధ్యక్షుడు అర్థంపర్థం లేకుండా కలిపింది కూడా కాదు. వెళ్ళేటప్పుడు అబద్ధం చెప్పి తప్పించుకునే ఓడను వచ్చేటప్పుడైనా పట్టుకోకపోతే ఇక ఆ చట్టం ఎందుకు? ఒక కెప్టెన్ ఆ ఉత్తర్వు ప్రకారం ఫ్రెంచి రేవు నుంచి వస్తున్న ఓడను పట్టుకున్నాడు. తీరా చూస్తే అది డెన్మార్క్ వాళ్ళది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. చట్టం ఇవ్వని అధికారాన్ని అధ్యక్షుడి ఉత్తర్వు ఇవ్వలేదనీ, నష్టపరిహారం కెప్టెనే కట్టుకోవాలనీ 1804లో తీర్పు వచ్చింది. ఉత్తర్వు ఇచ్చిన అధ్యక్షుడు అప్పటికి పదవిలోనే లేడు.

క్లాసులో ఒక్కడు మాత్రం నిటారుగా కూర్చుని విన్నాడు. ఇంతియాజ్, నల్గొండ వాడు. వ్యవసాయశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి వచ్చి, ఆక్లండ్‌లో ఒక డైరీలో మూడేళ్ళు కౌంటరు దగ్గర నిలబడ్డాడు. డైరీ అంటే ఇక్కడ పాలకేంద్రం కాదు, వీధి మూల చిల్లర కొట్టు. చదువుకు తగ్గ ఉద్యోగం దొరకడం అదే మొదలు. ఆరు నెలల ప్రొబేషన్ మీద ఉన్నాడు. ఆక్లండ్ శివార్లలో బోటనీ డౌన్స్‌లో ఫ్లాట్, భార్యకు ఏడో నెల. ఇవన్నీ టీ విరామంలో తనే చెప్పాడు, అడక్కుండానే.

అతను చెయ్యెత్తి, ఆ ఆర్డరు కెప్టెన్‌కు నోటిమాటగా చెప్పారా, రాసిచ్చారా అని అడిగాడు. రాసే ఇచ్చారన్నాను. అతని మొహంలో రంగు మారిపోయింది. తర్వాత నా దగ్గరికొచ్చి తెలుగులో, "మేడమ్, మా అబ్బా ఎమ్మార్వో ఆఫీసుల పదిహేనేండ్లు గుమాస్తాగ చేసిండు. ఒక్కటే మాట చెప్పేటోడు. బిడ్డా, తప్పుడు పని చెయ్యమంటే చెయ్యనని అనకు, రాసియ్యమను. ఎవ్వడు రాసియ్యడు. ఇస్తే ఇంక నీ మీదికి రాదు. గిట్లనే కదా మేడమ్?" అన్నాడు.

మన ఆఫీసుల్లో పనిచేసిన ఎవరికైనా ఈ విద్య తెలుసు. రాతపూర్వకంగా ఇవ్వండి సార్ అంటే కుదరదని మర్యాదగా చెప్పడమే. పై అధికారి కూడా అర్థం చేసుకుని గొంతు సవరించుకుని వెనక్కి తగ్గుతాడు. నేను నవ్వి, ఆ కెప్టెన్ విషయంలో అది పనిచెయ్యలేదుగా అన్నాను. ఇక్కడివాళ్ళకు ఆ సైగ అసలు అర్థమే కాదని చెప్పాలని అప్పుడు నాకు తట్టలేదు.

వెల్లింగ్టన్‌కు తిరిగొచ్చాక ఒక శుక్రవారం మధ్యాహ్నం నా డెస్కు ఫోన్ మోగింది. "ఆంటీ, నేను ఇంతియాజ్." క్లాసులో మేడమ్ అన్నవాడు ఆంటీ అన్నాడంటే ప్రాణం మీదికి వచ్చిందన్నమాటే. రేవు బయట ఒక గిడ్డంగి ముందు నిలబడి ఉన్నాడు. లోపల కొయ్యపెట్టెల్లో వచ్చిన సరుకు ఉంది, పెట్టెలకు పురుగు పట్టిందని అనుమానం. మా చట్టం ప్రకారం రేవు ఆవరణలో ఏ పెట్టెనైనా మేము తెరవవచ్చు. ఆవరణ దాటితే కోర్టు రిజిస్ట్రారు దగ్గర వారంటు తీసుకోవాలి. ప్రాంతీయ మేనేజరు గ్రెగ్ మాత్రం ఫోన్లో, రేవుకు అనుబంధంగా ఉన్న గిడ్డంగి కూడా రేవు కిందికే వస్తుంది, తాళం తీయించి లోపలికెళ్ళు అని చెప్పాడట.

నేరుగా నాకు చెయ్యకూడదయ్యా అని గసిరాను. గసిరానే గానీ నేను ఫోన్ పెట్టెయ్యలేదు. చట్టం కాపీ నీ దగ్గరే ఉంది, ఏముందో చదువుకో, వెంటనే టీమ్ లీడరుకు చెప్పి వారంటుకు అప్లికేషన్ పెట్టించు అన్నాను. "అవసరం పడదు ఆంటీ, రాసియ్యమన్న. ఇంక తగ్గుతడు చూడు" అన్నాడు ధీమాగా. అరె, ఏం ధీమా!

గ్రెగ్ తగ్గలేదు. అతనికి సైగ ఎక్కడ తెలుసు? కుర్రాడు కొత్త కదా, కాగితం కావాలంటున్నాడు పాపం, ఇచ్చేద్దాం అనుకున్నాడు. చక్కగా టైపు చేయించి, సంతకం పెట్టి ఫ్యాక్స్ చేశాడు. గిడ్డంగి దగ్గర మా ఫ్యాక్స్ ఎక్కడుంటుంది? ఆ గిడ్డంగి ఆఫీసు నంబరుకే చేశాడు. దాన్ని ముందు చదివింది గిడ్డంగి యజమాని! వీళ్ళ దగ్గర ఇంకా వారంటు లేదని అతనికి అలా తెలిసింది.

మళ్ళీ ఫోన్. "ఆంటీ, రాసిచ్చిండు!" ఆ మాట ఇంత దిగులుగా పలకడం నా జీవితంలో ఇంకెప్పుడూ వినలేదు. కాగితం చేతిలో ఉంది. తలుపు తీస్తే ఆ కెప్టెన్ గతి, తియ్యకపోతే మేనేజరు మాట కాదన్నట్టు, ప్రొబేషన్‌లో. వెనక గిడ్డంగి వాళ్ళు పెట్టెలెక్కించిన వ్యాన్లు స్టార్ట్ అవుతున్న చప్పుడు నాకూ వినిపించింది. వారంటు, వారంటు అని అరిచాను. పక్క గదిలోవాళ్ళు తలలు బయట పెట్టి చూశారు.

గ్రెగ్‌కు ఫోన్ చేశాను. అడక్కుండా సలహా చెప్పే హక్కు నాకు లేదు, అయినా చేశాను. అతను మర్యాదగానే, ఇది ఫీల్డు విషయం వసంతా, పురుగు వారంటు కోసం ఆగదు అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ పురుగు ఇక్కడి అడవుల్లో పడితే ఏమవుతుందో నాకూ తెలుసు. మా న్యాయ విభాగం చీఫ్ దగ్గరికి పరుగెత్తాను. మేనేజరు అడిగాడా అన్నాడాయన. లేదన్నాను. అయితే మనం ఏం చెయ్యగలం అన్నాడు. ఆ మధ్యాహ్నమంతా కాలుకాలిన పిల్లిలా వరండాలో తిరిగాను. టీ పెట్టుకుని తాగడం మర్చిపోయి, మళ్ళీ పెట్టుకున్నాను. సాయంత్రం జాన్సన్‌విల్ రైలెక్కి, మా స్టేషన్ దాటిపోతుందేమోనని ప్రతి స్టేషన్లోనూ లేచి నిలబడ్డాను. మాది చివరి స్టేషన్, దాటిపోయే ప్రసక్తే లేదు.

ఇంతియాజ్ తలుపు తియ్యలేదు. వారంటు చివరికి వచ్చింది గానీ అప్పటికి సగం పెట్టెలు వెళ్ళిపోయాయి. వాటిని ఊళ్ళో కొట్టుకొట్టుకూ తిరిగి వెతికి పట్టుకోవడానికి మా వాళ్ళకు ఆ వారాంతమంతా పట్టింది. గ్రెగ్ అతని మీద ఫిర్యాదు రాశాడు. చట్టబద్ధమైన ఆదేశాన్ని తిరస్కరించాడు కాబట్టి ప్రొబేషన్ ముగించాలని కోరాడు.

విచారణకు నన్ను ఆక్లండ్ పిలిచారు. పాఠం చెప్పింది నేనే కదా! బయల్దేరేముందు మా చీఫ్, పాము చావకుండా కర్ర విరగకుండా మాట్లాడి రమ్మన్న అర్థం వచ్చేలా చెప్పి పంపాడు. విచారణాధికారి మార్గరెట్ అని డిప్యూటీ డైరెక్టర్. ఆమె నన్ను సూటిగా అడిగింది, పై అధికారి మాట వినొద్దని మీరు నేర్పారా అని. చట్టం మాట ముందు వినమని నేర్పాను, అది అమెరికా తీర్పు, ఇక్కడ కోర్టులకు అది శిరోధార్యం కాదు, ఆ సంగతీ క్లాసులో చెప్పాను అన్నాను.

గ్రెగ్ కల్పించుకున్నాడు. ఇక్కడ ప్రెసిడెంటు ఎవరూ లేరు కదా, ఆ గొడవ మనకెందుకు అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. సైన్యాన్ని కదిలించగలిగిన ప్రెసిడెంటు ఉత్తర్వే చట్టంలో లేని ఒక్క మాటను చేర్చలేకపోయింది, ప్రాంతీయ మేనేజరు ఫ్యాక్స్ చేరుస్తుందా అని అడిగేశాను. మా చీఫ్ అక్కడ ఉంటే నెత్తి పట్టుకునేవాడు.

గ్రెగ్ కోపం తెచ్చుకోలేదు. అతను చెడ్డవాడు కాదని నాకు అప్పుడే తెలిసింది. నేను రాసిచ్చాను, సంతకం పెట్టాను, తేడా వస్తే అది నా నెత్తి మీదికి వచ్చేది, ఇతని మీదికి ఎందుకొస్తుంది అన్నాడు. నిజంగా అలాగే నమ్మాడు మనిషి. నల్గొండ ఎమ్మార్వో ఆఫీసు గుమాస్తా, ఆక్లండ్ ప్రాంతీయ మేనేజరు ఒకటే నమ్మారు! అప్పుడు నేను మిగతా కథ చెప్పాను. ఆ కేసులో తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి కూడా ముందు అలాగే అనుకున్నాడు. ఉత్తర్వు అధికారం ఇవ్వకపోయినా, పాటించినవాణ్ణి నష్టపరిహారం నుంచైనా కాపాడాలి కదా అని. తోటి న్యాయమూర్తులతో మాట్లాడాక తన ఆలోచన తప్పని తీర్పులోనే ఒప్పుకున్నాడు. కెప్టెన్‌కు చివరికి ఊరట ఇచ్చింది అధ్యక్షుడు కాదు. కొన్నేళ్ళ తర్వాత కాంగ్రెస్సే అతని కోసం వేరే చట్టం చేసింది. ఇక్కడ సదుద్దేశంతో పనిచేసిన ఉద్యోగి తరఫున మామూలుగా ప్రభుత్వమే కట్టుకుంటుంది, కానీ అది కూడా మేనేజరు దయ వల్ల కాదు అన్నాను.

గ్రెగ్ నా వైపు తిరిగి, అంటే నా సంతకానికి అతన్ని కాపాడే శక్తి లేదా అని అడిగాడు. లేదన్నాను. తిరస్కారం గురించిన ఫిర్యాదును వెనక్కి తీసుకుంటానని మార్గరెట్‌తో అప్పటికప్పుడే చెప్పాడు.

నేను లేవబోయాను. మార్గరెట్ కూర్చోమంది. ఇంతియాజ్‌ను ఒక్క ప్రశ్న అడిగింది. ఆదేశం చట్టానికి మించినదని తెలిసిన క్షణాన వారంటుకు ఎందుకు అప్లికేషన్ పెట్టించలేదు? అతను నా వైపు చూశాడు. నేను రెండుసార్లు చెప్పానని ఆమెకు తెలుసు, నా ఫోన్ సంగతి నేనే చెప్పాను. మొదటిసారి, మేనేజరు రాసివ్వకుండా తగ్గుతాడని ఎదురుచూశానన్నాడు. రాసిచ్చాక, ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయానన్నాడు. ఆ నిలబడిన సేపట్లోనే వ్యాన్లు వెళ్ళిపోయాయి.

ఆమె తీర్పు రెండు వాక్యాలు. తలుపు తియ్యకపోవడం సరైనది, దానికి శిక్ష లేదు. వారంటు ఆలస్యం చెయ్యడం అతని తప్పు, ప్రొబేషన్ మరో మూడు నెలలు పొడిగించాలి.

బయట కారిడార్లో నాకు ఒళ్ళు మండిపోయింది. సరైన పని చేసినవాడికి మూడు నెలల శిక్షా అని గొణిగాను. ఇంతియాజ్ మాత్రం, "ఊకో ఆంటీ. పురుగు ఊర్లకు పోయింది నేను నిలబడితేనే గదా. ఆమె తప్పేం చెప్పలే" అన్నాడు. ఆ మూడు నెలలూ పూర్తి చేశాడు, ఉద్యోగం ఖాయమైంది. ఈలోపు కూతురూ పుట్టింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా అదే కేసు చెప్పాను, కానీ అక్కడితో ఆపలేదు. అధికారానికి హద్దు ఉందని చెప్పినప్పుడు మా ఇన్‌స్పెక్టర్లు కాదనడమొక్కటే నేర్చుకుంటున్నారని నాకు అర్థమైంది. రాసిచ్చిన ఆర్డరు అది ఎవరిచ్చారో చెబుతుంది, ఇచ్చే అధికారం వాళ్ళకు ఉందో లేదో చెప్పదు. లేదని తేలితే ఆ పని మానెయ్యాలి, చట్టం ఇంకో దారి పెట్టి ఉంటే ఆ నిమిషమే ఆ దారిన నడవాలి. రెండో సగం చెయ్యనివాడికి మొదటి సగం సగమే ఉపయోగపడుతుంది.