చిప్‌లో నాలుగో అర

వదిన బల్ల మీద ఒక రూటర్ వెల్లకిలా పడి ఉంది. దాని చిప్ లోపల ఒకటే పొడవాటి మైదానం. గోడలు లేవు, గుమ్మాలు లేవు. ఇక్కణ్ణుంచి అక్కడిదాకా సాఫ్ట్‌వేర్, ఆపైన సెట్టింగులు అని ఎవరో చెబితేనే అవి అరలు.

నలభై దాటాక ఆమె నేర్చుకున్న పని ఈ రిపేరు. మొదట్లో టంకం పొగకు కళ్లు మండేవి. ఇప్పుడు ఆ పొగ తగలని రోజు తలనొప్పి.

పోయిన నెల ఇలాంటి రూటర్ పెట్టె ఒకటి ఆమె చేతిలో పాడైంది. ఫ్యాక్టరీలో ప్రతి పెట్టెలోని వైఫై రేడియోనూ శ్రుతి చేసి, ఆ లెక్కలనూ దాని చిరునామా అంకెలనూ ఒక అరలో రాస్తారు. ఒకదాని శ్రుతి ఇంకోదానికి పనికిరాదు. ఆ అరే చెరిగిపోయింది. పెట్టె బతికింది, వైఫై గొంతు పోయింది.

షాపు మరిదిది. అప్పుడే అన్నాడు, "ఇంకొక్కటి పోగొట్టావంటే వదినా, కౌంటర్లో కూర్చుని చార్జర్లు అమ్ముకుందువు గానీ."

ఇవాళ్టిది అదే మోడల్. గోడకున్న మరిది పట్టికలో మూడు, నాలుగు అరలు చెరిపి కొత్త సాఫ్ట్‌వేర్ రాయమని ఉంది. నకలు తీసిపెట్టుకుందామంటే ఈ పెట్టె ఒప్పుకోదు. చూడనిస్తుంది, చెరపనిస్తుంది, అంతే. ఆమె వేలు మీట మీద ఆగింది. పోయినసారీ ఈ పట్టిక ప్రకారమే చెరిపింది.

"ఏంటి వదినా, ముహూర్తం చూస్తున్నావా?"

"ఉండవయ్యా."

చిరునామా అంకెలు తెలిస్తే అవి ఏ అరలో ఉన్నాయో వెతకొచ్చు, కానీ అడుగున వాటి స్టిక్కర్ అరిగిపోయింది. ఈ రకం పెట్టెల్లో వైఫై పేరు చివరి నాలుగంకెలు ఆ చిరునామాలోవే. పెట్టె తెచ్చినాయన ఇంటికి ఫోన్ చేసింది. వాళ్లమ్మ ఎత్తింది.

"వైఫై పేరా? ఇంటికొచ్చిన ప్రతివాడూ అడిగేది నన్నే కదమ్మా! చివర్న నాలుగు, ఒకటి, తొమ్మిది, రెండు. నిద్రలో లేపినా చెబుతా."

వదిన తెర మీద అంకెలు వరసవరసగా చదువుకుంటూ పోయింది. మూడో అర మొదట్లో సాఫ్ట్‌వేర్ గుర్తు కనబడింది. నాలుగో అరలో, చీకట్లో తడుముతుంటే చేతికి తగిలిన మనిషిలా, 41 92.

చెరపమన్న అరే అది.

"ఈ పట్టిక ఏ పెట్టె చూసి రాశావు?"

మరిది వంగి చూశాడు. "పాత బ్యాచ్‌ది. పైకి రెండూ ఒకటే కదా..."

మూడో అర మాత్రమే చెరిపి రాసింది. కాసేపటికి పెట్టె లేచింది. ఫోన్లో వైఫై పేరు మెరిసింది.

"బల్ల నీదే వదినా, తల్లీ," అన్నాడు మరిది.

ఆమె మొహం తేలికపడలేదు.

"పోయిన నెల పెట్టె వాళ్ల నంబరు ఇవ్వు. పెట్టె పాతదై దానంతటదే పోయిందని చెప్పాం వాళ్లకి."