లోకమంతటికీ తెరిచిన డేటాబేస్

ఆసుపత్రిలో సర్వర్లు చూసుకునే అతన్ని అందరూ తాళాలాయన అంటారు. రోగుల వివరాలున్న డేటాబేస్‌కు బయటి దారులన్నీ మూసేసి, లోపలి కంప్యూటర్లకూ పెద్ద డాక్టరు ఇంటి నెట్ చిరునామాకూ మాత్రమే అనుమతి ఉంచాడు. ఆ నెట్ చిరునామా, అంటే ఐపీ అడ్రస్, రెండు రోజులకోసారి దానంతటదే మారుతుంది. మారినప్పుడల్లా డాక్టరు ఫోన్ చేసి తిట్టడం, ఇతను కొత్తది ఎక్కించడం ఏడేళ్లుగా కాపురంలో కీచులాటలా సాగింది.

ఆ సోమవారం డాక్టరుకు ఓపిక చచ్చింది.

"ఏమయ్యా, నా ఆసుపత్రి రికార్డులు నేను చూడ్డానికి రోజూ నీ గడ్డం పట్టుకోవాలా? అందరికీ తెరిచెయ్."

"అందరికీ అంటే లోకమంతటికీ సార్. ఇక మీ పాస్‌వర్డ్ ఒక్కటే అడ్డం."

"ఉందిగా మరి! చెప్పింది చెయ్యి."

ఆ పాస్‌వర్డ్ డాక్టరుగారి కారు నంబరు. మార్చమంటే గుర్తుండదంటారు.

ఆ రికార్డుల్లో అతని అక్కది కూడా ఉంది. ఆమె జబ్బు సంగతి అత్తింట్లో ఎవరికీ తెలియదు. తమ్ముడి ఉద్యోగం పుణ్యమా అని మందులు ఇక్కడ ఉచితంగా అందుతున్నాయి. అందుకని ఎదురు చెప్పలేక తెరిచాడు.

పది నిమిషాల్లో ముక్కూమొహం తెలియని చిరునామాలు తెర మీద బారులు తీరాయి. ఒక్కొక్కటీ ఏదో ఒక పాస్‌వర్డ్ వేసి చూస్తోంది. ఒకదాన్ని ఆపితే నాలుగొచ్చాయి.

మధ్యాహ్నం అక్కకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మీ బావకి తెలిస్తే నా బతుకు బస్టాండేరా!" అందామె. "అందులోంచి నా పేరు తీసెయ్."

"తీసేస్తే రేపట్నుంచి నీకు మందులెవరిస్తారే?"