ఎర్రకారుకి పళ్ళు చూసిన రోజు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, మా గుంటూరులో కార్లు రెండే రకాలు. నల్లవి, తెల్లవి. నల్లదైతే టాక్సీ, తెల్లదైతే డాక్టరుగారిదో మిర్చి షావుకారుదో. (లేతాకుపచ్చది కూడా ఒకటి ఉండేదని మా అన్నయ్య ఇప్పటికీ వాదిస్తాడు. వాడి మాట లెక్కలోకి తీసుకోవద్దు.) అలాంటి ఊళ్ళో ఎవరికైనా కార్ల గురించి నాలుగు ముక్కలు తెలుసంటే, అవి పుస్తకంలో చదివిన ముక్కలే అయినా సరే, అతనికి దక్కే మర్యాద అంతా ఇంతా కాదు. ఆ మర్యాద నేను రెండేళ్ళు అనుభవించాను. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చదివి బయటికొచ్చాను మరి. బయటికి రావడం నిజమే. పాసై వచ్చావా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఒక్క పేపరు మిగిలిపోయింది. అది వాహనాల నిర్వహణ, మరమ్మతుల పేపరు కావడం నా ఖర్మ. ఇంట్లో మాత్రం అమ్మ దగ్గర్నించి పాలవాడి దాకా అందరూ నన్ను 'ఇంజనీరు' అనే పిలిచేవారు, నేనూ సిగ్గులేకుండా పలికేవాణ్ణి.

మా బాబాయికి యార్డులో మిర్చి కమీషను వ్యాపారం. మనిషి నల్లగా, పొట్టిగా, ఎప్పుడూ తెల్లటి పంచెలో ఉండేవాడు. ఆయన దగ్గర ఎవరి ఎత్తులూ సాగేవి కావు. రైతు బస్తా మూతి విప్పి నిగనిగలాడే కాయలు చూపిస్తుంటే ఆయన అటు చూసేవాడే కాదు. చెయ్యి మోచేతిదాకా లోపలికి దూర్చి అడుగునుంచి గుప్పెడు తీసేవాడు. ఒక కాయ విరిచి, వాసన చూసి, 'నీళ్ళు చల్లావా?' అని అడిగేవాడు. చల్లినవాడు తలొంచుకునేవాడు. అంతటి మనిషి ఒక శనివారం ఎవరి పెళ్ళికో చీరాల వెళ్ళి, సాయంత్రం వాడరేవు సముద్రం చూసి తిరిగొచ్చాక రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడోరోజు నన్ను కొట్టుకి పిలిపించాడు.

"ఒరేయ్ ఇంజనీరూ, వాడరేవులో ఒక కారు చూశాన్రా," అన్నాడు, గుమాస్తా వినకుండా గొంతు తగ్గించి. "ఎర్రగా ఉంది. ఇంత ఎత్తే ఉంది. పైకప్పు లేదు. రెండే సీట్లు. ఇటలీదంట."

ఇటలీ అన్న మాట వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. నేను అలాంటి కార్లు చూసింది హాస్టల్లో చేతులు మారి మారి చిరిగిపోయిన ఇంగ్లీషు పత్రికలో మాత్రమే. అసలు విషయం బాబాయి తరవాత చెప్పాడు. "అమ్ముతారంట. నువ్వొచ్చి చూడు. ఎన్ని మైళ్ళు తిరిగిందో, మర్యాదగా చూసుకున్నారో లేదో, చూసి చెప్పు. నువ్వు ఊ అంటే కొంటా, ఊహూ అంటే వదిలేస్తా." ఆగి, ఇంకోమాట కూడా అన్నాడు. "కొంటే నడిపేది నువ్వే. నాకు రాదుగా."

ఆ ఆఖరి మాటతో నేను ఇంజనీరుగా పనికిరాకుండా పోయాను. ఆ రాత్రి నుంచే ఆ కారు స్టీరింగు పట్టుకుని బ్రాడీపేట నాలుగో లైనులో, మా క్లాసువాళ్ళు టీ తాగే కొట్టు ముందు నుంచి మెల్లగా, మరీ మెల్లగా వెళ్ళడం మొదలుపెట్టాను. లోపలున్న అసలు ఇంజనీరు (ఏదో కొంచెం ఉండేవాడు) ఆ టీకొట్టు దగ్గరే దిగిపోయాడు.

చీరాల స్టేషన్లో రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం మీద మా పెదతాత నిలబడి ఉన్నాడు. ఈయన బాబాయికి పెదనాన్న, ఒంగోలు వైపు పల్లె. ఎద్దుల బేరాల్లో ఆయన మాటకి తిరుగుండేది కాదు. పళ్ళు చూసి వయసు చెప్పడంలో దిట్ట కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయన్ని 'పళ్ళ తాత' అనేవి. ఆయన నోట్లో మాత్రం మిగిలినవి నాలుగే. బాబాయి ఉత్తరం రాసి పిలిపించాడట. నాకు ఒళ్ళు మండింది. ఇటలీ కారుకీ ఎద్దుల మనిషికీ ఏమిటి సంబంధం?

"తాతా, ఇది ఎద్దు కాదు, కారు," అన్నాను, రిక్షా ఎక్కుతూ.

"అమ్మేవాడు మనిషేగా అబ్బాయా?" అన్నాడు ఆయన, తలపాగా సర్దుకుంటూ.

కారు యజమాని ఒకప్పటి పొగాకు వ్యాపారి కొడుకు. నోట్లో వెలిగించని పైపు ఒకటి ఎప్పుడూ ఉండేది కాబట్టి ఊరు ఆయన్ని పైపు బాబు అనేదట. సముద్రానికి ఎదురుగా సరుగుడు చెట్ల మధ్య బంగళా. దాని ముందు, ఇసుకలో వేసిన నాపరాళ్ళ మీద ఆ కారు. ఎంత వద్దనుకున్నా చెప్పకుండా ఉండలేను, అది పండు మిరపకాయలా ఉంది. బాబాయి పంచె ఎగ్గట్టుకుని గుడి చుట్టూ తిరిగినట్టు దాని చుట్టూ ప్రదక్షిణం చేశాడు. "చూసుకోండి, తీరిగ్గా చూసుకోండి," అన్నాడు పైపు బాబు. "మా నాన్నగారు ఆదివారం తప్ప దీన్ని బయటికి తీసేవారు కాదండీ."

నేను జేబులోంచి కాగితం తీశాను. పత్రికలోంచి రాసుకున్నవి పదకొండు అంశాలు. మొదటిది మీటరు. పద్దెనిమిది వేల చిల్లర కిలోమీటర్లు. గట్టిగా చదివి వినిపించాను. ఐదంకెల మీటరు లక్ష దాటాక మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుందని నాకు తెలుసు. పరీక్షలో ఆ ప్రశ్న కూడా వచ్చింది. రెండో అంశం, మీటరుని నమ్మకుండా బ్రేకు పెడలు రబ్బరు చూడటం. వంగి చూశాను. రబ్బరు ఒక పక్క పూర్తిగా అరిగిపోయి ఇనుము తెల్లగా మెరుస్తోంది. పద్దెనిమిది వేలకి అలా అరగాలంటే ఆ పెద్దాయన ప్రతి ఆదివారం బ్రేకు మీద నాట్యం చేసి ఉండాలి. బాబాయి నా భుజం మీదుగా తొంగిచూస్తున్నాడు. నేనేం చేశానో చెప్పడానికి ఇన్నేళ్ళ తరవాత కూడా సిగ్గుగానే ఉంది. నెమ్మదిగా సీట్లో కూర్చుని, ఆ పెడలు మీద నా చెప్పుకాలు పెట్టేశాను. "రెండోది కూడా బాగానే ఉంది బాబాయ్," అన్నాను.

ఆరోది అయస్కాంతం. రేకు తుప్పుపట్టి తినేస్తే అక్కడ లప్పం పెట్టి పైన రంగేస్తారు, లప్పం మీద అయస్కాంతం నిలవదు. అందుకని పాడైపోయిన రేడియో స్పీకరు నుంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి తెచ్చుకున్నాను. తలుపు కింది భాగంలో పెట్టి చెయ్యి తీశాను. టప్పున నాపరాయి మీద పడింది. ఇంకో చోట పెట్టాను. ఈసారి పడకముందే పట్టుకున్నాను. సముద్రపు గాలి ఆ కారు సగాన్ని తినేసిందని అర్థమవుతూనే ఉంది. కానీ మనసు ఊరుకోదుగా, ఇటలీవాళ్ళు అల్యూమినియంతో చేసి ఉంటారులే అని నాకు నేనే చెప్పుకున్నాను. అయస్కాంతాన్ని జేబులో వేసుకుని, "గట్టి బాడీ," అన్నాను.

ఇంతసేపూ పెదతాత కారు మొహమైనా చూడలేదు. ముందు పైపు బాబుని తేరిపార చూశాడు. తరవాత కారు కట్టేసే కొట్టం ఎక్కడని అడిగాడు. (ఆయన మాటే అది, కట్టేసే కొట్టం.) బంగళా వెనక షెడ్డులోకి వెళ్ళి కాలివేళ్ళతో నేల గీకి తిరిగొచ్చాడు. అప్పుడు కారు దగ్గరకొచ్చి, ఎద్దు వీపు నిమిరినట్టు ముందు భాగం మీద అరచెయ్యి వేశాడు.

"ఏందయ్యా, ఒళ్ళు వెచ్చగా ఉంది?"

"ఎండకండీ," అన్నాడు పైపు బాబు.

"ఎండ నీ పైపు మీద కూడా ఉందిగా. నోరు తెరిపించు, పళ్ళు చూద్దాం."

బానెట్టు ఎత్తారు. లోపల నీళ్ళ గొట్టానికి సైకిలు ట్యూబు ముక్క చుట్టి, దాని మీద దారంతో కట్టు కట్టి ఉంది. పెదతాత చూసింది ఎంతోసేపు కాదు. బాబాయిని పక్కకి పిలిచాడు గానీ, ఆయన గొంతు సముద్రం హోరుని కూడా దాటి వినపడేది.

"వద్దబ్బాయా. కుంటెద్దుని సంతలోకి తెచ్చేముందు రెండు కోసులు నడిపిస్తారు, కాళ్ళు కాగితే కుంటు కనపడదు. ఇదీ అంతే, మనం రాకముందే తిప్పి ఉంచారు. కొట్టంలో నేలంతా నిన్న పోసిన ఇసక, కాలితో గీకితే కింద నూనె బురద. దానికి మూత్రం నిలవట్లేదు. మూతికి చూస్తే రబ్బరు కట్టు. వయసు దాచారు, రోగం దాచారు. ఇంకేం కావాల?"

పైపు బాబు నోట్లోంచి పైపు జారింది. బాబాయి కారు వైపు చూసి, నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా ఇంజనీరూ. కొనొచ్చా?"

ఆ ఒక్క క్షణంలో నిజం చెప్పి ఉంటే నా జీవితంలో గర్వంగా చెప్పుకోవడానికి ఒక్క సంగతైనా ఉండేది. పెడలు సంగతి, లప్పం సంగతి నాలుక చివరిదాకా వచ్చాయి. అప్పుడే సరుగుడు చెట్ల సందులోంచి ఎండ జారి ఆ ఎర్రరంగు మీద పడింది. "కొనొచ్చు బాబాయ్," అన్నాను. నా గొంతు నాకే పరాయిదిగా వినిపించింది.

"ఇంజనీరు చెప్పాడుగా పెదనాన్నా," అన్నాడు బాబాయి.

పెదతాత నాకేసి చూసిన చూపులో కోపం లేదు. పళ్ళు లెక్కపెట్టినట్టు చూశాడు, అంతే. "నే రైల్లో పోతా," అని కండువా దులుపుకుని నడిచిపోయాడు.

బాబాయి డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, తాళాలు నా చేతిలో పెట్టిన తరవాతి అరగంట నా జన్మలో మరచిపోను. చీరాల సెంటర్లో సైకిళ్ళు ఆగిపోయాయి, నేతపని వాళ్ళు నూలు మూటలు దించి మరీ చూశారు, ఆటోవాడొకడు మమ్మల్ని చూస్తూ చూస్తూ సోడాబండికి తగిలించాడు. పక్కసీట్లో బాబాయి పంచె గాలికి గొడుగులా లేస్తుంటే రెండు చేతులతో అదుముకుంటూ, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. ఆయన అలా నవ్వగా నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. ఈపూరుపాలెం దాటామో లేదో, ముందునుంచి బుస్సుమని ఆవిరి లేచింది, కింద టంగుమని ఏదో ఊడిపడింది, కారు రోడ్డు పక్కకి ఒరిగి ఆగిపోయింది.

ఇద్దరం కల్వర్టు మీద కూర్చున్నాం. చుట్టూ ఒక్క చెట్టు నీడ లేదు. నేను ఇక ఆపుకోలేకపోయాను. పెడలు మీద కాలు పెట్టింది, అయస్కాంతం పడింది, పేపరు తప్పింది, అంతా వరసగా చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఇరవై రెండేళ్ళవాణ్ణి, మీసాలున్నవాణ్ణి, రోడ్డు మీద కూర్చుని చొక్కాతో మొహం తుడుచుకున్నాను.

"చూశాన్రా," అన్నాడు బాబాయి.

"ఏం చూశావ్?"

"నీ కాలు చూశా. ఆ అయస్కాంతం కింద పడ్డమూ చూశా. పెదనాన్న వెళ్ళకముందే షెడ్డులో ఇసక నేనూ చూశా. నీళ్ళు చల్లిన బస్తా నాకు తెలీదట్రా?"

"మరి ఎందుకు కొన్నావ్?"

బాబాయి కారు వైపు చూశాడు. దానిలోంచి ఇంకా ఆవిరి వస్తూనే ఉంది. "ముప్పై ఏళ్ళనుంచి అడుగుకాయ చూసే కొంటున్నాను. ఒక్కసారి పైకాయ చూసి కొనాలనిపించింది. ఒక్కణ్ణే వెళ్తే భయమేసి తిరిగొచ్చేస్తా. అందుకే పెదనాన్నని వద్దనడానికి తీసుకెళ్ళా, నిన్ను ఊ అనడానికి తీసుకెళ్ళా. మీ ఇద్దరూ మీ పని సరిగ్గానే చేశారు. ఏడవకు. పరీక్ష మాత్రం మళ్ళీ కట్టు."

సాయంత్రానికి గుంటూరు పోయే పత్తి లారీ ఒకటి దొరికింది. మోకుతో కారుని వెనక కట్టారు. వెనక లాక్కుపోయే బండికి కూడా స్టీరింగు పట్టేవాడు కావాలి కాబట్టి నేను కూర్చున్నాను, బాబాయి నా పక్కనే కూర్చున్నాడు. బ్రాడీపేట నాలుగో లైనులో ఆ టీకొట్టు ముందు నుంచి నేను కోరుకున్నట్టే మెల్లగా, మరీ మెల్లగా వెళ్ళాం. మా వాళ్ళంతా టీ గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. ముందొక లారీ ఉందన్నమాటే గానీ, మిగతాదంతా అనుకున్నట్టే జరిగింది.

ఆ పేపరు మరుసటి ఏడు పాసయ్యాను. తరవాత ముప్పై రెండేళ్ళు దెబ్బతిన్న బళ్ళని పరీక్షించి లోపాలు రాయడమే నా ఉద్యోగం. బాబాయి పోయి చాలాకాలమైంది, ఆ కారుని ఎవరో కొనుక్కుపోయారు. మొన్న మా అన్నయ్య కొడుకు ఒక పాత బండి చూడాలి రమ్మని నన్ను తీసుకెళ్ళాడు. ముందు దీపాల దగ్గర్నించి టైర్ల దాకా చూసి, పద్నాలుగు లోపాలు వేళ్ళ మీద చెప్పి, వద్దన్నాను. వాడు వినయంగా తలూపి, వెంట వచ్చిన స్నేహితుడి వైపు తిరిగాడు. ఆ కుర్రాడికి మీసాలు ఇంకా సరిగ్గా రాలేదు. అప్పటికే డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చుని ఉన్నాడు. "సూపరుగా ఉంది, తీసుకోరా," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, కొంచెం దిగులు కూడా వేసింది. ఇప్పుడు నన్నందరూ వద్దనడానికే తీసుకెళ్తున్నారు. ఊ అనడానికి తీసుకెళ్ళి ఎన్నేళ్ళయిందో.