ఐదుగురు ఎక్కితేనే పలికే ఇంజిన్

నోంగ్ సెగుందో, అంటే సెగుందో అన్న, ఒక్కచోట కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ముప్పై ఏళ్లుగా మా కొండమీద బైకులు బాగుచేస్తున్నాడు. అతని షెడ్డుకి ఎదురుగానే నా అరటిపళ్ల బల్ల. నన్ను దాయ్ అంటాడు, చెల్లీ అన్నట్టు. అన్నం నిలబడే తింటాడు, ముద్ద నోట్లో ఉండగానే స్పానర్ అందుకుంటాడు. ఇంజిన్ జబ్బు కనిపెట్టడానికి పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక్కటి చాలు. మొన ఇంజిన్‌కి, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకుంటాడు. తన చెవి ఇంతవరకూ తప్పు చెప్పలేదంటాడు. ఆ గొప్పలు వినీ వినీ నాకు విసుగొచ్చింది.

అలాంటివాడికి అల్లుడి బండే అంతుచిక్కలేదు. అల్లుడు ఎలియాస్ ఆ బండిమీద జనాన్ని కొండ ఎక్కించి దింపుతూ బతుకుతాడు. సీటు మీద అడ్డంగా చెక్క పలక వేస్తే తనతో కలిపి ఐదుగురు పడతారు. కొండెక్కేటప్పుడు ఇంజిన్ టక్కుటక్కుమంటోందని మూడుసార్లు తెచ్చాడు. మూడుసార్లూ సెగుందో దాన్ని షెడ్డు ముందు నిలబెట్టి విన్నాడు. ఏ చప్పుడూ లేదు. ట్యాపెట్లు సరిచేశాడు, ఆయిల్ మార్చాడు, చివరికి అల్లుడి చెవిలోనే గుబిలి ఉందన్నాడు.

ఈ వారం ఆ మాట అనలేకపోయాడు. కూతురు రోవెనాకి నెలలు నిండాయి. ఆస్పత్రి కొండ కింద ఉంది, వానలకి జీపులు పైకి రావడం మానేశాయి. నొప్పులొస్తే ఆ పిల్ల దిగాల్సింది ఆ బండిమీదే. పొద్దుటినుంచీ సెగుందో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ ఇంజిన్ విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. చూసి చూసి నాకు ఒళ్లు మండింది.

"ఏం నోంగ్, ఖాళీ బండిని ఎన్నిసార్లు వింటావ్? అది ఖాళీగా కొండెక్కిన రోజుందా?"

అతని చేయి ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆ సంగతి అతనికీ తట్టలేదు, ఎదురుగా కూర్చున్న నాకూ తట్టలేదు. వెంటనే పలక వేయించాడు. నన్నూ, పళ్లు కొనడానికొచ్చిన ముగ్గురినీ ఎక్కించాడు. ఎలియాస్ బండిని మెల్లగా ఎత్తు మీదికి పోనిచ్చాడు, సెగుందో పక్కనే వంగి పరుగెత్తాడు. సగం దూరంలో నా పాదాలకి తగిలింది ఆ టక్కు.

బండి ఆపించి, ఎవరూ దిగొద్దని సెగుందో బురదలో మోకాళ్లమీద కూలబడ్డాడు. చప్పుడు ఇంజిన్ లోపలిది కాదు. ఇంజిన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే వెల్డింగ్ వెంట్రుకవాసి పగిలింది. బరువు పడ్డప్పుడల్లా ఆ పగులు తెరుచుకుని ఇంజిన్ ఫ్రేముకి కొట్టుకుంటోంది.

"ఈ వెల్డింగ్ నాదే," అన్నాడు. "అతుకు నిలవదని తెలిసీ పెయింట్ గీకకుండానే అతికేశాను. తొందర. ఆ వారమే ఇంకో ఆరు బండ్లకి ఇలాగే చేశాను, దాయ్."

మేం నలుగురం గబగబా దిగేశాం.

ఆ మధ్యాహ్నమే రోవెనాకి నొప్పులు మొదలయ్యాయి. ఆమెని ఏ బండీ ఎక్కించొద్దని చెప్పి, మంత్రసానిని నడిపించి తీసుకురమ్మని అల్లుణ్ని పంపాడు. తను ఇంటింటికీ పోయి బండ్ల కింద దూరాడు. ఐదింటిని చూశాడు. రెండింటికి పగుళ్లున్నాయి, వాటి తాళాలు జేబులో వేసుకున్నాడు. ఆడపిల్ల పుట్టిందని నేను ఆయాసపడుతూ వెళ్లి చెబితే తల కూడా ఎత్తలేదు.

"ఆరోది, ఆ ఫాబియాన్ బండి ఎక్కడుంది?"

నలుగురిని ఎక్కించుకుని సంతకి పోయిందన్నాను. వానలోనే కిందికి పరుగెత్తాడు. నేనూ వెనకాలే పోయాను. మలుపు దగ్గర నిలబడి, కూర్చుని, మళ్లీ లేచి, గంటసేపు రోడ్డువైపే చూశాడు. చివరికి ఆ బండి మూలుగుతూ ఎక్కొచ్చింది. పైనున్నవాళ్లు ఏదో జోకుకి పగలబడి నవ్వుతున్నారు. సెగుందో రోడ్డుకి అడ్డంగా నిలబడి ఒక్కొక్కళ్లనీ చెయ్యి పట్టుకుని దించాడు. తర్వాత పిల్లాడిలా ఏడ్చాడు.

"ఇందాక ఏదో చెప్పావు, దాయ్," అన్నాడు ముఖం తుడుచుకుంటూ. "ఏంటది?"

ఆడపిల్ల పుట్టిందని నేను మళ్లీ చెప్పాను.