ఫుసాయె గుర్తుపట్టని ఇల్లు

కియోటోలో కియోమిజు గుడికి ఎక్కే వాలువీధిలో మా ఊరగాయల కొట్టుకి ఎదురిల్లు తోకుజిది. పెళ్లికి ముందు నుంచీ ఆ ఇంటి ముందుగదిలోనే సోయా పాలతో తోఫు చేసి అమ్మేవాడు. తెల్లారకముందే సోయా గింజలు రుబ్బాలి, మధ్యాహ్నానికి ఒళ్లు వాల్చాలి. గుడికొచ్చే జనాన్ని చూశాడే గానీ గుడిని చూసింది లేదు. ఆయన భార్య ఫుసాయె మాత్రం యాత్రికుల బస్సులో గైడు. ఏ గుడి ఎప్పుడు కాలిందో, ఎవరు మళ్లీ కట్టించారో పాటలా చెప్పేది.

"గుడి కింద పుట్టి గుడి మొహం చూడని మనిషి ఈ ఊళ్లో మా ఆయనొక్కడే," అని మా కొట్లో కూర్చుని నవ్వేది.

"తోఫు కొట్టు మూసేశాక నువ్వే చూపిద్దువుగానీలే," అనేవాడాయన.

భుజాలు పనిచేయక ఆయన కొట్టు మూసేసరికి ఆమెకు మతిమరుపు మొదలైంది. ముందు పొయ్యి మీద గిన్నె మరిచిపోయింది. తర్వాత మా పేర్లు. ఆఖరికి మొగుణ్ణి. గుళ్ల కథలు మాత్రం ఒక్క ముక్క పోలేదు. ఆ గుళ్లలోనే తిప్పితే మనిషి వెనక్కి వస్తుందేమోనని తోకుజికి ఆశ పుట్టింది.

ఆకులు ఎర్రబడే రోజుల్లో బయల్దేరదీశాడు. గుడిలో ఆమె ముందు నడిచి అన్నీ వివరించింది. దిగేటప్పుడు, "చూసుకోండి డ్రైవర్ గారూ! ఈ మెట్ల మీద పడితే మూడేళ్లలో పోతారంటారు," అని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వదలకుండా ఉండాలని ఆయన కావాలనే రెండుసార్లు తడబడ్డాడట.

ఇంటి ముందుకి రాగానే ఫుసాయె ఆగిపోయింది.

"ఎంత పాత ఇల్లో! ఎవరుంటారండీ ఇందులో?"

"మనమే. నువ్వూ నేనూ."

"బావుంది! ఒకరింట్లోకి చెప్పకుండా దూరతామా? పదండి, బస్సు వెళ్లిపోతుంది."

ఆయన చెయ్యి పట్టి లోపలికి లాగబోయాడు. ఆమె కెవ్వున అరిచింది. అద్దె కిమోనోల్లో తిరుగుతున్న అమ్మాయిలు ఆగి ఫోన్లు ఎత్తారు. ఎక్కణ్ణుంచో పోలీసు వచ్చాడు.

నేను పరుగెత్తుకెళ్లాను. "వాళ్లు మొగుడూ పెళ్లాలే నాయనా! ఎదురింటిదాన్ని, నేను చెబుతున్నాగా."

అయినా అతను ఆమెనే అడిగాడు. "అమ్మా, ఈయన మీ ఆయనేనా?"

ఫుసాయె తోకుజి మొహంలోకి శ్రద్ధగా చూసింది.

"కాదు బాబూ. మా ఆయన తోఫు చేస్తాడు. ఇంత ముసలాడు కాదు."

తోకుజి చెయ్యి వదిలేశాడు. చివరికి నేనే, "లోపల టీ ఇస్తారమ్మా, రండి," అని తీసుకెళ్లాను. అతిథిలా వంగి నమస్కరించి తన ఇంట్లోకి తను వెళ్లింది.

ఆ చలికాలంలోనే ఆయన ఆమెను నది అవతల వృద్ధుల ఆశ్రమంలో చేర్చాడు. కొన్నాళ్లు ఆయన వెళితే కొత్తవాడికి చెప్పినట్టు గుళ్ల కథలు చెప్పింది. పూలు పూసే వేళకి అవీ పోయాయి.

"ఇవాళ వెళ్తున్నారా అన్నయ్యా?" అని ఒకరోజు అడిగాను.

"వెళ్లి ఎవర్ని చూడను?" అన్నాడు.

అన్నాడే గానీ వెళ్లాడు. ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాడు. తిరిగొచ్చాక మాత్రం నేరుగా ఇంట్లోకి పోడు. తాళం చెవి చేత్తో పట్టుకుని మా కొట్టు ముందే నిలబడి ఉంటాడు. కూర్చోమన్నా కూర్చోడు.