కాలిన వాడలో పొయ్యిరాళ్లు

పోలీసు చర్య జరిగిన మరుసటి వేసవి అది. సూర్యాపేటకు రెండు మైళ్ల అవతల, గొడవల్లో కాలిపోయిన వాడను సర్కారు మళ్లీ కట్టిస్తుందని, స్థలం కొలవడానికి రెవెన్యూ గిర్దావరు వస్తున్నాడని మిర్యాలగూడలో ఉన్న నాకు కబురొచ్చింది. పంపింది మా వదిన వరస అంజమ్మ. మొగుడు పోయి, నడవలేని అత్తతో కాలిన గోడల మధ్యే ఉంటోంది. ఇళ్లు పల్లంలో వేస్తే మొదటి వానకే మునుగుతాయి, బావి ఊరి వైపు తవ్వితే వీళ్లకు నీళ్లు అందవు. నేను వాక్యం చదువుకున్నవాణ్ని, బడి చదువు కాదు. బైబిలు సంచిలో పెట్టుకుని బయలుదేరాను.

తిన్నగా వెళ్లే దారిలో కల్వర్టులు తెగి ఉన్నాయి కనుక కోదాడ మీదుగా తిరిగి వెళ్లాలి. తెల్లవారి ఐదున్నర బస్సెక్కితే ఎనిమిదికి కోదాడ. అక్కడ పూటకూళ్లమ్మ ఇడ్లీ పెడుతూ, "ఎక్కడికండీ అయ్యగారూ?" అంది. చెప్పాను. "కట్టించేవాళ్లకేమండీ, సాయంత్రానికి ఇంటికి పోతారు. ఉండేవాళ్లనెవరన్నా అడిగారా?" అంటూ చట్నీ వడ్డించింది. ఆమెకు నిజాం హాలీ సిక్కా డబ్బయినా, బ్రిటిష్ అణా అయినా ఒకటే.

పదింటికి సూర్యాపేటలో దిగి, ఎండలో నడిచి వాడ చేరాను. మసి గోడలు, కాలిన దూలాల వాసన. వాటికి ఎగువన మెరక మీద మాత్రం మూడేసి రాళ్ల చొప్పున ఎన్నో పొయ్యిలు పేర్చి ఉన్నాయి. ఏ ఆడదాని పొయ్యి ఎక్కడో అక్కడే ఆమె ఇల్లు. అలా కూర్చుని, కొట్లాడి, వాళ్లే పంచుకున్నారట. అదంతా నాకు తర్వాత తెలిసింది.

గిర్దావరు అప్పటికే గొలుసు పరిపించి, రాళ్లు చూసి ఆగాడు. "ఏందివి?"

"పొయ్యిలు దొరా," అంది అంజమ్మ చేతులు కట్టుకుని. "మా అత్త నడవలేదు, గందుకే మాది బాయి తవ్వే జాగ పక్కన. బర్లున్నోళ్లు అంచుకు. పల్లంల వద్దు దొరా, వాగొస్తది."

అతను ఇళ్లు పల్లంలో చూపిన నక్షా పటాన్ని మడిచి వింటున్నాడు. నాకు మాత్రం ఆ కట్టుకున్న చేతులే కనబడ్డాయి. రక్తం ఉడికింది. సంచిలోంచి బైబిలు తీసి, పేదవాడి పొలిమేర జరిపినవాడిని దేవుడు ఊరుకోడని గొంతెత్తి గర్జించాను. అతని ఇల్లు పాడుపడుతుందన్నాను. జనం మూగారు.

గిర్దావరు ముఖం మారింది. "ఎవడీడు? కమ్యూనిస్టు సంఘపోడా? గీడ మీటింగు పెట్టిన్రా?" గొలుసు పట్టినవాళ్ల వైపు తిరిగాడు. "నక్షల ఉన్నట్టే గీయుండ్రి."

సున్నం గీతలు పల్లంలో పడ్డాయి. బావి గుర్తు ఊరి వైపు పడింది.

అంజమ్మ తన పొయ్యిరాళ్లు ఒక్కొక్కటే ఒడిలోకి ఎత్తుకుంది. "ఆయన ఇంటుండె గద మర్దీ," అంది. "దేవుని మాట మంచిదే. గని గప్పుడు మాట్లాడే వంతు నాది."

మూడింటి బస్సులో తిరిగి వచ్చాను. దారి పొడుగునా ప్రార్థన రాలేదు. అన్యాయం మీద కోపం దేవుడిచ్చేదేనని ఇప్పటికీ నమ్ముతాను. ఆ రోజు నేను కాపాడింది మాత్రం నా కోపాన్నే. తొలకరికి ఆ ముసలామెను మోసుకుని వాళ్లు ఎటు పోతారో నాకు తెలియదు.

ఇలాంటి పనికి వెళ్లేవారు ఒక రోజు ముందే చేరండి. రాత్రికి సూర్యాపేట సరాయిలో చోటు దొరుకుతుంది. అధికారి వచ్చాక వాడవాళ్ల వెనక కూర్చోండి, వాళ్లు పిలిస్తేనే లేవండి.