ఎర్ర రంగు పూసిన బోరింగు

పనికి వలస వచ్చిన ఈ జోల్వాలో మా మగ్గాల షెడ్డు నల్లాకు ఈ పొద్దున ఎర్ర రంగు పూశారు. తాగొద్దని గుర్తట. తాగే నీళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలట, సేఠ్ చెప్పాడు.

ఆ పచ్చి రంగు వాసనకు మన ఊరి బోరింగు కళ్లముందు నిలిచింది. దోస్తులారా, గుర్తుందా? కొట్టీ కొట్టీ అరచేతులకు పట్టిన ఇనుప వాసన, మనందరి పళ్ల మీద పసుపు గార? ఫ్లోరైడు నీళ్లని ఎవరో వచ్చి దానికి ఎర్ర రంగు పూసిపోయారు. వేరే నీళ్లు మాత్రం చూపలేదు. అవే తాగాం.

ఒకరోజు మా అమ్మ, వాడకట్టు ఆడవాళ్లు పానాతో బోరింగు పిడి ఊడదీసి, మండలాఫీసుకు మోసుకెళ్లి సారు బల్ల మీద పెట్టారు. మనమూ వెనకే ఉరికాం.

"గా నీళ్లు తాగొద్దంటిరి. మరి ఏం తాగాలె సారూ?" అంది అమ్మ.

"ముందు దీన్ని తీస్కపో అమ్మా," అన్నాడాయన.

"మేం తీస్కపోం. మీరే తీస్కరాండ్రి, మంచినీళ్లతోని."

ఆ వారమే ట్యాంకరు వచ్చింది. ఆ తర్వాత ఇంటింటికీ నల్లా వచ్చింది.

ఇందాకే నా మగ్గం పానాతో షెడ్డు నల్లా పిడి ఊడదీశాను. సేఠ్ బల్ల దగ్గరికే వెళుతున్నాం, షెడ్డంతా. రంగు ఇంకా ఆరలేదు. నా వేళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి.